జానపద కథ ఎవరిది? రెండోసారి వేరేగా చెప్తే ఏది అసలుది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. అమ్మమ్మ చెప్పే కథల్ని ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నారు, ఒకే కథ రెండోసారి వేరేగా వచ్చింది, అందులో ఏది సరైనది? జానపదం అందరి ఉమ్మడి సొత్తు అంటారు కదా, ఎవరో ఒకరు మొదట కట్టకుండా కథ ఎలా పుడుతుంది? వీటిని పుస్తకంగా వేస్తే ఎవరి పేరు పెట్టాలి? మూడూ ఒకదానికొకటి ముడిపడ్డవే. చాలా ఏళ్ళుగా నోటి కథలు సేకరించడం, సేకరించేవాళ్ళకు పాఠం చెప్పడం నా పని కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టండి.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతా రెండూ దాని మీదే నిలబడ్డాయి. ప్రతి కథా, ప్రతి పాటా, ప్రతి పొడుపుకథా మొదట ఎవరో ఒక మనిషి నోటనే వచ్చి ఉంటుంది. జనమంతా ఒకచోట కూర్చుని తలా ఒక మాట వేసి పాట కట్టరు. 19వ శతాబ్దపు జర్మన్ పండితులు కొందరు జాతి మొత్తం కలిసి ఒకే కవి అయినట్టు రాశారు. వినడానికి బాగానే ఉంటుంది, అలా జరగడం మాత్రం ఎవరూ చూడలేదు. మరి ఉమ్మడితనం ఎక్కడుంది? కట్టడంలో లేదు. విన్నవాళ్ళు ఒప్పుకుని మళ్ళీ ఇంకొకరికి చెప్పడంలో ఉంది.

ఈ మాట నా సొంతం కాదు. 1929లో ప్యోతర్ బొగతిర్యోవ్, రోమన్ యాకబ్సన్ అనే ఇద్దరు రష్యన్ పండితులు ఒక చిన్న వ్యాసంలో దీన్ని తేల్చి చెప్పారు. రాసే కవికి ఒక వెసులుబాటు ఉంది. ఆయన కాలంలో ఒక్కరూ చదవకపోయినా కాగితం ఉంటుంది. వందేళ్ళకు ఎవరో బీరువాలోంచి తీసి మెచ్చుకోవచ్చు. నోటి పాటకు ఆ అవకాశం లేదు. విన్నవాళ్ళు మళ్ళీ పాడుకోకపోతే అది అక్కడితో సరి, మనకు ఆనవాలు కూడా దొరకదు. కాబట్టి మన దాకా వచ్చిన ప్రతి జానపద రచనా దారిలో ప్రతి మెట్టు దగ్గరా జనం ఆమోదం పొందినదే. వాళ్ళు దీన్ని జనం చేసే సెన్సార్ అన్నారు. నచ్చని ముక్క రాలిపోతుంది, నచ్చిన ముక్క నిలుస్తుంది. ఒకడు కట్టిన పాట వాడు కట్టిన రోజున జానపదం కాదు, పక్కవాడు తన అవసరానికి దాన్ని వాడుకున్న రోజున అవుతుంది.

ఇలా చూస్తే జానపదం గురించి మనకున్న రెండు పాత అపోహలు పోతాయి. ఒకటి, అది చాలా పాతదై ఉండాలన్నది. అయోనా ఓపీ, పీటర్ ఓపీ దంపతులు ఇంగ్లండ్‌లో బడిపిల్లల ఆటలు, పాటలు, ఎగతాళి మాటలు సేకరించి 1959లో పుస్తకం వేశారు. అందులో ఒక సంగతి ఉంది. 1936 డిసెంబరులో బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ తాను ప్రేమించిన స్త్రీ కోసం గద్దె దిగిపోయాడు. కొద్ది వారాల్లోనే దూరదూరపు ఊళ్ళ పిల్లలు రాజు మీద ఒకే ఎగతాళి పాట పాడుకుంటున్నారు, ఒక క్రిస్మస్ పాట వరసలో. అది పత్రికలు అచ్చువేసే సరుకు కాదు, రేడియోలో వచ్చే సరుకూ కాదు. నోటి నుంచి నోటికే పోయింది. వయసు కొన్ని వారాలే, అయినా అది అచ్చమైన జానపదం. ఇప్పుడు ఆఫీసుల్లో తిరిగే బాసు జోకులు, హాస్టల్ దయ్యాల కథలు కూడా అంతే. జానపదం పల్లెలోనే ఉంటుందని, చదువురానివాళ్ళదేనని అనుకోవడం ఎప్పుడో మానేశాం. అమెరికన్ పండితుడు అలన్ డండెస్ లెక్క ప్రకారం ఏదో ఒక్క విషయం ఉమ్మడిగా ఉన్న ఏ గుంపైనా చాలు. ఒకే వృత్తి, ఒకే మతం, ఒకే బడి, ఏదైనా సరే. నాకు మరీ విశాలంగా అనిపించే నిర్వచనం ఇది, కానీ పని చేస్తుంది.

రెండో అపోహ, కర్త పేరు తెలిస్తే అది జానపదం కాదన్నది. దీనికి ఎదురు ఉదాహరణగా నేను తరగతిలో ఎప్పుడూ చెప్పేది 'ఎల్ కోందోర్ పాసా' పాట సంగతి. 1970లో సైమన్, గార్ఫంకెల్ అనే అమెరికన్ గాయకుల జంట దాన్ని ఇంగ్లీషు మాటలతో విడుదల చేసింది. అది ఆండీస్ పర్వతాల పాత జానపద బాణీ అని పాల్ సైమన్ అనుకున్నాడు. నిజానికి పెరూ స్వరకర్త డానియెల్ అలోమియా రోబ్లెస్ 1913లో ఒక రంగస్థల నాటకానికి కట్టిన బాణీ అది, 1933లో అమెరికాలో కాపీరైట్ కూడా చేయించాడు. ఆయన కొడుకు దావా వేశాడు, గొడవ పెద్దది కాకుండానే సర్దుకుంది. ఇందులో తమాషా ఏమిటంటే రోబ్లెస్ స్వయంగా ఆండీస్‌లో తిరిగి జానపద బాణీలు సేకరించినవాడు, ఆ వాసన ఈ స్వరంలో నిండా ఉంది. జనం దగ్గర నుంచి ఒక మనిషికి వచ్చింది, ఆ మనిషి దగ్గర నుంచి మళ్ళీ జనంలోకి పోయింది. ఎవరిది అంటే కోర్టు ఒక పేరు చెప్తుంది, ఆ పర్వతాల్లో పాడుకునేవాళ్ళు తమదే అంటారు. రెండూ నిజమే.

ఇక మీ అమ్మమ్మ సంగతి. రెండుసార్లూ ఒకే మనిషి, ఒకే కథ, వేరే వేరే మాటలు. మతిమరుపు అనుకుని టెన్షన్ పడకండి. 1930ల్లో అమెరికన్ పండితుడు మిల్‌మన్ పారీ, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ అప్పటి యుగోస్లావియాలో తిరిగి, చిన్న తంత్రీవాద్యం మీద వీరగాథలు పాడే గాయకుల్ని రికార్డ్ చేశారు. నోవి పజార్‌లో జోగిచ్ అనే గాయకుణ్ణి అడిగితే, వేరొకరి దగ్గర ఒక్కసారి విన్న గాథను తాను మాటకు మాట, పాదానికి పాదం అలాగే పాడతానని, ఇరవై ఏళ్ళ తర్వాత పాడినా అంతేనని చెప్పాడు. ఆ గాథను ఆయనకు నేర్పిన మాకిచ్ పాడింది కూడా రికార్డులో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మాటలు కలవవు, పాదాలు కలవవు, కొన్ని ఘట్టాలే వేరు. జోగిచ్ అబద్ధమాడలేదు. ఆయన దృష్టిలో 'మాటకు మాట' అంటే కథ పట్టు తప్పకుండా, నేర్చుకున్న పద్ధతిలో చెప్పడం. మన దృష్టిలో అది టేపు రికార్డరు చేసే పని. అచ్చు పుస్తకాల మధ్య పెరిగాం కాబట్టి మనకు అలా తోస్తుంది.

ఇదే పర్యటనలో ఇంకొక పరీక్ష పెట్టారు, నాకు చాలా ఇష్టమైనది. బియెలో పోల్యె దగ్గర అవ్దో మెజెదోవిచ్ అని ఒక రైతు, చదవడం రాయడం రానివాడు. పన్నెండు వేల పాదాలు దాటిన గాథను ఆయన దగ్గర రాసుకున్నారు. ఒకరోజు ఆయన ఎప్పుడూ వినని ఒక గాథను ఇంకొక గాయకుడి చేత ఆయన ఎదుటే పాడించారు. అయ్యాక, ఇప్పుడు నువ్వు పాడగలవా అని అడిగారు. పాటను, పాడినవాణ్ణి మర్యాదగా మెచ్చుకుని, తాను ఇంకా బాగా పాడగలనేమో చూద్దామని మొదలుపెట్టి దాదాపు మూడింతలు పెంచి పాడాడు. కథ అదే. వీరుల మనసులో ఏముందో, గుర్రానికి జీను ఎలా కట్టారో, ఆ వివరాలన్నీ ఈయన నింపినవి. మరి 'అసలు' ఏది? మొదటిదా, బాగున్నదా, పొడుగుదా? ఈ ప్రశ్నకు జవాబు లేదు. ప్రతి చెప్పుబడీ, అంటే కథ చెప్పిన ప్రతిసారీ వచ్చే రూపం, ఒక అసలే.

అలాగని అందరూ అవ్దోలా ఉండరు. జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులకు చాలా కథలు చెప్పిన డొరొతియా ఫీమన్, ఒక దర్జీ భార్య, దీనికి పూర్తిగా వేరు. 1815లో వచ్చిన రెండో సంపుటం ముందుమాటలో గ్రిమ్‌లు ఆమె గురించి రాశారు: మళ్ళీ చెప్పమంటే ఏదీ మార్చదు, తప్పు దొర్లితే మధ్యలోనే ఆగి దిద్దుకుంటుంది. మీ అమ్మమ్మ ఏ రకమో మీరే చూసి తెలుసుకోవాలి. మాటలు మార్చినా పాటను మాత్రం మార్చనివాళ్ళు, ముగింపును మాత్రం కదలనివ్వనివాళ్ళు, పిల్లలు వింటుంటే చావులు తీసేసేవాళ్ళు, ఇలా ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. అందుకే రికార్డింగ్ పక్కన ఎవరు వింటుండగా చెప్పిందో తప్పక రాయండి. రెండోసారి మీ మేనకోడలు పక్కన కూర్చుందా? అయితే ఆ తేడాల్లో సగానికి కారణం దొరికినట్టే.

ఇంత మారుతూ ఉంటే కథ ఎందుకు చెదిరిపోదు అన్నది న్యాయమైన సందేహం. కేంబ్రిడ్జ్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో వేసిన పుస్తకంలో ఈ చెదరడం గురించే రాశాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషు విద్యార్థికి ఇచ్చి, గుర్తున్నంత రాయించి, అది ఇంకొకరికి ఇచ్చి, అలా ఒకరి నుంచి ఒకరికి పంపాడు. కొద్ది చేతులు మారేసరికి సీల్ వేట కాస్తా చేపలు పట్టడం అయింది, దయ్యాల సంగతి మసకబారింది, కథ సగానికి కుంచించుకుపోయింది. దీన్నిబట్టి నోటి సంప్రదాయం నమ్మదగింది కాదని చాలామంది తీర్మానించేస్తారు. నాకు ఆ తీర్మానం నచ్చదు. ఆ విద్యార్థులకు ఆ కథ పరాయిది, ఒకరి నుంచి ఒక్కసారే అందింది, తప్పు చెప్తే దిద్దేవాళ్ళు లేరు. ఊళ్ళో అలా ఉండదు కదా. ఎస్తోనియాలోని తార్తూలో పనిచేసిన జానపద పండితుడు వాల్టర్ ఆండర్సన్ 1923లోనే ఈ తేడా పట్టుకున్నాడు. కథ చెప్పేవాడు దాన్ని ఒక్కసారి కాదు పదేపదే వింటాడు, ఒక్కరి దగ్గర కాదు పలువురి దగ్గర వింటాడు. ఒకరు మర్చిపోయింది ఇంకొకరు అందిస్తారు. ఇలా కథ తనను తాను సరిచేసుకుంటుంది అన్నాడు. స్వీడన్ పండితుడు ఫాన్ సిడోవ్ దీనికి ఇంకో ముక్క చేర్చాడు. ఏ గుంపులోనైనా కథ చెప్పగలిగేవాళ్ళు కొద్దిమందే, కానీ కథ తెలిసినవాళ్ళు చాలామంది. ఈ రెండోవాళ్ళు నోరు విప్పి చెప్పరు గానీ, చెప్పేవాడు దారి తప్పితే "అలా కాదు, ముందు చిన్నోడు వెళ్ళాలి" అని వెంటనే అంటారు. ఉమ్మడి సొత్తు అనే మాటకు నాకు తెలిసిన అర్థం అదే. సొత్తును కాపలా కాసేది చెప్పేవాడు ఒక్కడే కాదు, వింటున్న పదిమందీ.

అవసరం గట్టిదైతే ఆ కాపలా ఎంత బాగా పనిచేస్తుందో ఇండోనేషియాలోని సిమెలూ ద్వీపంలో కనిపించింది. 1907లో అక్కడ పెద్ద భూకంపం, వెంటనే సునామీ వచ్చి చాలామంది పోయారు. బతికినవాళ్ళు దాన్ని 'స్మోంగ్' అనే పేరుతో కథగా పిల్లలకు చెప్తూ వచ్చారు. భూమి గట్టిగా ఊగి, ఆ తర్వాత సముద్రం వెనక్కి పోతే, దేనికీ ఆగకుండా ఎత్తుకు పరుగెత్తాలి అన్నదే అందులో సారం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, భూకంప కేంద్రానికి అంత దగ్గరలో ఉండి కూడా, దాదాపు 78,000 మంది ఉన్న ఆ ద్వీపంలో చనిపోయినవాళ్ళు 7 మంది అని లెక్క తేలింది. దాదాపు వందేళ్ళు నోటి మీదే నడిచిన కథ అది. చెప్పేవాళ్ళు మధ్యలో ఎన్ని వివరాలు మార్చి ఉంటారో! ఆ మూడు ముక్కల వరస మాత్రం జారలేదు, జారితే ఏమవుతుందో విన్నవాళ్ళందరికీ తెలుసు కాబట్టి.

ఏది కదలదు, ఏది కదులుతుంది అన్నది చూడటానికి మీకు ముందే తెలిసి ఉండే కథ ఒకటి తీసుకుందాం. పంచతంత్రంలో పసిబిడ్డను పాము నుంచి కాపాడిన ముంగిస, దాని మూతికి నెత్తురు చూసి బిడ్డను చంపిందనుకుని దాన్ని చంపిన తల్లి. పంచతంత్రం 6వ శతాబ్దంలో పహ్లవీ అనే పాత పర్షియా భాషలోకి, 8వ శతాబ్దంలో అరబ్బీలోకి, అక్కడి నుంచి యూరప్ భాషల్లోకి వెళ్ళింది. ఫ్రాన్స్‌లో లియోన్ ప్రాంతానికి చేరేసరికి ముంగిస పోయి కుక్క వచ్చింది, పాము అలాగే ఉంది. 13వ శతాబ్దంలో ఎతియెన్ ద బుర్బోన్ అనే క్రైస్తవ సన్యాసి అక్కడికి పోయి చూస్తే, అన్యాయంగా చచ్చిన ఆ కుక్కకు గైన్‌ఫోర్ అని పేరు పెట్టి, పుణ్యాత్ముణ్ణి కొలిచినట్టు కొలుస్తూ, జబ్బు పిల్లల్ని దాని సమాధి దగ్గరికి తెస్తున్నారు. ఆయన అక్కడి చెట్లు కొట్టించి ఆ చోటంతా పాడుచేయించాడు. అయినా 19వ శతాబ్దం దాకా జనం పోతూనే ఉన్నారు. వేల్స్‌లో పాము కూడా పోయి తోడేలు వచ్చింది, యజమాని లూవెలిన్ రాజు అయ్యాడు, కుక్క పేరు గెలెర్ట్. ఆ కుక్క సమాధి అని ఇప్పటికీ బెడ్‌గెలెర్ట్ ఊళ్ళో చూపిస్తారు. 18వ శతాబ్దం చివర్లో అక్కడి సత్రం నడిపినాయన యాత్రికుల కోసం రాళ్ళు పేర్పించాడని దాని గురించి చెప్పుకుంటారు. జంతువు మారింది, శత్రువు మారాడు, దేశం మారింది, ఒకచోట పూజ పుట్టింది, ఒకచోట వ్యాపారం పుట్టింది. కదలనిది ఒక్కటే: నమ్మకస్తుణ్ణి తొందరపడి చంపుకోవడం. జానపద కథలను రకాలుగా విడదీసి నంబర్లు వేసిన కథా సూచికలో దీనికి 178ఎ అనే నంబరు ఉంది. ఫిన్లాండ్‌లో ఆంటీ ఆర్నే 1910లో మొదలుపెట్టి, తర్వాత స్టిత్ థాంప్సన్ పెంచి, 2004లో హాన్స్ యోర్గ్ ఉథర్ మళ్ళీ సవరించిన సూచిక అది. మీ దగ్గరున్న కథలకూ నంబర్లు దొరకొచ్చు, వెతకండి. దొరికితే మీ కథకు విలువ తగ్గిందని మాత్రం అనుకోకండి.

ఇప్పుడు పుస్తకం విషయం. రెండు చెప్పుబడులనూ కలిపి 'మంచి' కథ ఒకటి తయారుచేయాలనే కోరిక మీకు వచ్చే ఉంటుంది, అందరికీ వస్తుంది. గ్రిమ్‌లు చేసింది కొంతవరకు అదే. 1812లో మొదటి సంపుటం, 1857లో ఏడో కూర్పు, మధ్యలో ప్రతి కూర్పులోనూ దిద్దుతూ పోయారు. హాన్సెల్, గ్రెటెల్ కథలో పిల్లల్ని అడవిలో వదిలేయమని పోరే తల్లి మొదట సొంత తల్లే, తర్వాతి కూర్పుల్లో సవతి తల్లి అయింది. ఫిన్లాండ్‌లో ఎలియాస్ లొన్‌రూట్ ఇంకా ముందుకు పోయి, వేరువేరు గాయకుల దగ్గర సేకరించిన పాటల్ని వరసగా కూర్చి, మధ్య మధ్య తన పాదాలు కలిపి 1835లో 'కలెవల' తెచ్చాడు. 1849లో దాన్ని పెంచాడు. గొప్ప కావ్యం, ఒక దేశం దాని మీద నిలబడింది. కానీ అది లొన్‌రూట్ కావ్యం. ఆ మొత్తాన్ని ఆ వరసలో ఏ గాయకుడూ ఎప్పుడూ పాడలేదు. మీరూ అలా చేయొచ్చు, తప్పేమీ లేదు, ముందుమాటలో అతికింది మీరేనని చెప్పాలి అంతే. నన్నడిగితే రెండు చెప్పుబడులనూ విడివిడిగా, తేదీతో, వేస్తాను. అతికిన కథను మళ్ళీ విడదీయడం ఎవరి వల్లా కాదు.

ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు ఇంకో మెలిక ఉంది. 'అందరిదీ' అంటే ప్రపంచంలో ప్రతి ఒక్కరిదీ అని కాదు. 1976లో ఆస్ట్రేలియాలో ఒక కేసు నడిచింది. ఆంత్రోపాలజిస్టు చార్లెస్ మౌంట్‌ఫర్డ్ 1940లో చేసిన పర్యటనలో పిట్జంట్జట్జారా అనే ఆదివాసీ జనం పెద్దలు నమ్మి చెప్పిన రహస్య విషయాలను పుస్తకంలో వేశాడు. వాళ్ళ కట్టుబాటులో అవి దీక్ష తీసుకోని పిల్లలు, ఆడవాళ్ళు వినకూడనివి. నార్తర్న్ టెరిటరీ అనే ప్రాంతంలో ఆ పుస్తకం అమ్మకుండా కోర్టు ఆపింది. కాపీరైట్ చట్టం కింద కాదు, నమ్మి చెప్పిన మాటను బయటపెట్టాడన్న కారణంతో. ఉమ్మడి సొత్తుకు గడపలుంటాయి: ఎవరు చెప్పొచ్చు, ఎవరు వినొచ్చు, ఏ కాలంలో చెప్పొచ్చు. మీ అమ్మమ్మ ఏదైనా కథ దగ్గర ఆగి "ఇది ఇప్పుడొద్దు" అంటే ఫోన్ ఆపేయండి.

చట్టం సంగతి కూడా క్లుప్తంగా చెప్తాను. చాలా దేశాల్లో నోటి కథ మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. మీ రికార్డింగ్ మీద, మీ మాటల్లో రాసిన పాఠం మీద మీకు హక్కు ఉంటుంది. అంటే చెప్పినవాళ్ళకు దక్కేది తక్కువ, రాసుకున్నవాళ్ళకు దక్కేది ఎక్కువ. ఇది అన్యాయమని 1973లోనే బొలీవియా ప్రభుత్వం యునెస్కోకు లేఖ రాసింది. యునెస్కో 1989లో ఒక సిఫార్సు, 2003లో అమూర్త సాంస్కృతిక వారసత్వం (కథలు, పాటల లాంటి చేత్తో పట్టుకోలేని వారసత్వం) మీద ఒప్పందం చేసింది. వారసత్వం అంటే ఏమిటో ఆ జనమే గుర్తించాలని, అది ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతూ ఉంటుందని ఆ ఒప్పందంలో ఉంది. మంచి మాటే, కాకపోతే అది కాపాడుకోవడానికి పనికొచ్చేది, హక్కులు పంచేది కాదు. కాబట్టి చట్టం ఏం చెప్తుందో చూసి ఊరుకోకుండా మీరే న్యాయంగా ఉండాల్సి వస్తుంది.

నేనైతే ఇలా చేస్తాను. అట్ట మీద 'చెప్పినది' అని అమ్మమ్మ పేరు, దాని కింద 'సేకరించినది' అని మీ పేరు. ఆమె పేరు వేయడం ఆమెకు ఇష్టమో కాదో ముందు అడగాలి, కొందరు వద్దంటారు. ప్రతి కథ చివర, ఆమె ఎవరి దగ్గర విన్నదో ఆమె చెప్పినంత రాయండి. "మా అత్తగారు చెప్పేది, కానీ ఆమె చివర్లో రాక్షసుణ్ణి చంపేది కాదు" లాంటి ఒక్క వాక్యం దొరికినా అది కథంత విలువైనది. మీరు దిద్దిన చోట్లు గుర్తుపెట్టి, దిద్దని రికార్డింగ్ ఎక్కడైనా భద్రంగా ఉంచండి. అచ్చుకు పంపే ముందు కథల్ని ఆమెకూ, చిన్నప్పుడు ఆమె దగ్గర విన్న మీ అమ్మకో మామయ్యకో బయటికి చదివి వినిపించండి. ఎక్కడ "అలా కాదు" అంటారో అక్కడ ఆగి, ఎలాగో చెప్పించుకుని, ఎవరన్నారో పేరుతో సహా కథ కింద రాసుకోండి.